పింఛను ఇవ్వడానికి కంప్యూటర్ చాలు, ఆపడానికి మనిషి కావాలి

నెలాఖరు వచ్చిందంటే బెంగళూరు కేఆర్ పురంలో మదనపల్లె, కడప వైపు పోయే బస్సుల కోసం ఎదురుచూసే ముసలివాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. కొడుకులు సెంట్రింగ్ పనిలో, కోడళ్లు అపార్టుమెంట్లలో వంటపనిలో ఉంటారు. మనవళ్లను చూసుకోవడానికి బెంగళూరు వచ్చిన ఈ పెద్దవాళ్లు ఒకటో తారీఖుకల్లా ఊళ్లో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. సచివాలయం ఉద్యోగి ఆ డబ్బు ఇంటికే తెచ్చి, వేలిముద్ర వేయించుకొని ఇచ్చిపోతారు. ఇంటికి తెచ్చివ్వడం నిజంగా మంచి ఏర్పాటు. కాకపోతే ఆ ఇంట్లో మనిషి ఉండాలి.

అదే కుటుంబం రేషన్ బియ్యం మాత్రం బెంగళూరులోనే తీసుకోగలుగుతోంది. 'ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు' 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర జంటలతో మొదలై, 2022 జూన్‌కు దేశమంతా పరుచుకుంది. ఇక్కడి రేషన్ షాపులో ఈపాస్ మిషన్ మీద వేలు పెడితే ఊళ్లోని కార్డు వివరాలు వచ్చేస్తాయి. ఇంట్లో సగంమంది అక్కడ, సగంమంది ఇక్కడ ఉంటే కోటాను కూడా అట్లాగే పంచుకొని తీసుకోవచ్చు. ఒక్క మెలిక ఉంది. కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదై ఉండాలి. రాష్ట్రం తన సొంత ఖర్చుతో ఇచ్చే కార్డులు పొలిమేర దాటితే చెల్లవు.

అదే మనిషి, అదే ఆధార్, అదే వేలిముద్ర. మరి బియ్యం చింతామణి దాటి ఇక్కడిదాకా వచ్చినప్పుడు పింఛను ఎందుకు రాలేదు? సామాజిక సేవల్లో ఐటీ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు కనబడలేదు.

బియ్యం వెనక ఉన్నది 2013 నాటి కేంద్ర చట్టం. మామూలు కార్డుకు మనిషికి 5 కిలోలు అన్న లెక్క అన్నిచోట్లా ఒకటే, ధాన్యం ఖర్చు కేంద్రానిది. కాబట్టి ఏ షాపులో ఇచ్చినా తర్వాత పద్దులు సరిచేసుకుంటే సరిపోతుంది. పింఛను అట్లా కాదు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 79 ఏళ్ల దాకా నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం జేబులోది. కర్ణాటక సంధ్యా సురక్ష కింద 65 దాటినవాళ్లకు 1,200 ఇస్తుంది, ఆంధ్ర 4,000 ఇస్తుంది. అర్హతలు వేరు, వయసు నిబంధనలు వేరు, ఓటర్లు వేరు. తన డబ్బు తన రాష్ట్రంలో ఉంటున్న మనిషికే చేరాలని ప్రతి ప్రభుత్వమూ అనుకుంటుంది. ఇందులో సర్వర్ తప్పేమీ లేదు. ప్రభుత్వాలు తేల్చుకోవాల్సిన లెక్క ఇది, తేలిందంటే సాఫ్ట్‌వేర్ రాయడం పెద్ద పనేం కాదు.

పెద్ద పని కాదని ఎందుకంటున్నానంటే, అది ఇప్పటికే ఉంది. రిటైరైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు తాము బతికే ఉన్నామని చెప్పుకోవడానికి 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి దాన్ని ఫోన్ కెమెరాకు ముఖం చూపించి కూడా పూర్తిచేయొచ్చు. అనంతపురంలో రిటైరైన ఉద్యోగి వైట్‌ఫీల్డ్‌లో కూతురి ఇంట్లో కూర్చొని ఏడాదికోసారి ఆ పని చేస్తే పింఛను బ్యాంకులో పడిపోతుంది. జీవితమంతా కూలి చేసిన అవ్వ మాత్రం మాటిమాటికీ బస్సెక్కాలి. ఒకరిని ఏడాదికోసారి చూసి నమ్ముతున్నాం, ఇంకొకరిని మాటిమాటికీ చూస్తే గానీ నమ్మలేకపోతున్నాం. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా ప్రకారం 2022లో దేశంలో 60 దాటినవాళ్లు 14.9 కోట్ల మంది. 2050 నాటికి 34.7 కోట్లు అవుతారట. ఇంతమందిని చేతిరాత రిజిస్టర్లతో చూసుకోలేం. కంప్యూటర్ కావాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. దాని చేతికి ఏ అధికారం ఇస్తున్నామన్నదే ఇప్పుడు తేల్చుకోవాలి.

డబ్బు దారిలో ఎక్కడ తప్పిపోతుంది

మహదేవపుర దగ్గర ఒక సైబర్ సెంటర్‌లో చూసిన సంగతి చెబుతాను. కదిరి నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న పెద్దావిడ, కర్ణాటక కార్డే ఉంది. సంధ్యా సురక్ష డబ్బు కొన్ని నెలలుగా పడటం లేదని వచ్చింది. ఆఫీసులో అడిగితే 'పోతా ఉంది' అంటున్నారు, బ్యాంకులో అడిగితే 'రాలేదు' అంటున్నారు. కౌంటర్ దగ్గరి కుర్రాడు బ్యాలెన్సు చూద్దామని మైక్రో ఏటీఎం తీశాడు.

"అవ్వా, బొటనవేలు పెట్టు."

"పెట్టినా కదప్పా."

"తుడుచుకొని పెట్టవ్వా. ఇంకోటి పెట్టు. ఆ చెయ్యి చూపించు."

ఏళ్ల తరబడి ఇళ్లలో గిన్నెలు తోమిన చెయ్యది, వేళ్లు అద్దంలా నున్నగా ఉన్నాయి. వేలిముద్ర మిషన్ వేలి ఫొటోను ఫొటోలా పోల్చదు. గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ రెండుగా చీలాయో ఆ గుర్తులను పట్టుకొని, నమోదు రోజున తీసుకున్న గుర్తులతో సరిచూస్తుంది. సిమెంటు, సున్నం, సబ్బునీళ్లు, వయసుతో పాటు వచ్చే పొడిచర్మం, ఇవన్నీ ఆ గీతలను చెరిపేస్తాయి. అంటే సాయం ఎవరికి బాగా అవసరమో వాళ్ల వేళ్ల దగ్గరే మిషన్ ఎక్కువగా తడబడుతుంది. కంటిపాప, ముఖం, ఓటీపీ లాంటి వేరే దారులు ఉన్నాయి. వాటిలో ఏ దారి అందుబాటులో ఉంటుందనేది కౌంటర్‌ను బట్టి, ఆరోజు అక్కడ కూర్చున్న మనిషి ఓపికను బట్టి ఉంటుంది.

చివరికి ఓటీపీతో ఆధార్ సైటులోకి వెళ్దామనుకున్నారు. లింకైన నంబరు కోడలి దగ్గరుంది, ఆమె పనిలో ఉంది. ఫోన్ చేసి చెప్పించుకునేసరికి మొదటి ఓటీపీ గడువు అయిపోయింది. రెండోది కుర్రాడు గట్టిగా చదివి టైపు చేశాడు, షాపులో ఉన్నవాళ్లందరికీ వినబడింది. ఆధార్‌కు ఏ బ్యాంకు లింకైందో చూపే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిస్తే అక్కడ వేరే బ్యాంకు పేరు ఉంది. గ్రూపు లోను తీసుకున్నప్పుడు తెరిపించిన ఖాతా అది, ఆవిడ దాన్ని మర్చిపోయింది. డబ్బు నెలనెలా పడుతూనే ఉంది, ఆ ఖాతాలో.

ఈ చిక్కు చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం విడమరచి చెప్పాలి. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా డబ్బు పంపినప్పుడు ఖాతా నంబరు చూడదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది, ఒక్కో ఆధార్ నంబరుకు ఎదురుగా ఒకే ఒక్క బ్యాంకు పేరు ఉంటుంది. చివరిగా ఏ బ్యాంకు లింక్ చేసిందో అదే. పోస్టుమ్యాన్ మన కొత్త అడ్రసు రాసుకున్నాక ఉత్తరాలన్నీ అక్కడికే పోయినట్టు, పింఛను, గ్యాస్ సబ్సిడీ, గృహలక్ష్మి 2,000 లాంటివన్నీ ఆ బ్యాంకుకే పోతాయి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో చిన్న అక్షరాల్లో ఉన్న గడిలో టిక్ పడితే పాత ఖాతాకు రావడం ఆగిపోతుంది. 2017లో ఒక టెలికాం కంపెనీ పేమెంట్స్ బ్యాంకులో ఇదే జరిగింది. సిమ్ కార్డు ఆధార్ ధ్రువీకరణ కోసం వెళ్లినవాళ్లకు తెలియకుండానే ఖాతాలు తెరుచుకున్నాయి, గ్యాస్ సబ్సిడీ వాటిలో పడింది. ఆధార్ సంస్థ ఆధార్‌తో కస్టమర్లను ధ్రువీకరించుకునే (ఈకేవైసీ) ఆ కంపెనీ అనుమతిని కొంతకాలం ఆపేసింది.

ఆ అవ్వ విషయంలో గమనించండి, ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆఫీసు పంపామన్నది, నిజమే. బ్యాంకు రాలేదన్నది, అదీ నిజమే. మొత్తం దారి ఒకేచోట కనబడే తెర ఏ కౌంటర్ దగ్గరా లేదు. ఐటీతో సామాజిక సేవలు మెరుగుపరచాలంటే మొట్టమొదట చేయాల్సింది ఇది. డబ్బు బయల్దేరినప్పటి నుంచి చేతికందేదాకా ఎక్కడుందో నాడకచేరి (కర్ణాటకలో స్థానిక రెవెన్యూ ఆఫీసు) గుమాస్తాకు కనబడాలి, అవ్వకు తన భాషలో మెసేజ్ రావాలి. ఏ బ్యాంకుకు వెళ్లిందో కూడా ఆ మెసేజ్‌లో ఉండాలి.

ఆపే అధికారం

కర్ణాటక రెవెన్యూ శాఖ 2021లో ఇంటివద్దకే పింఛను అనే పద్ధతి మొదలుపెట్టింది. రేషన్, ఆధార్ రికార్డుల్లో వయసు చూసి, అర్హత వచ్చిన పేదలను శాఖే గుర్తిస్తుంది. గ్రామ లెక్కాధికారి యాప్‌తో ఇంటికి వెళ్లి మంజూరు చేయిస్తారు. అర్జీ పెట్టుకోవాల్సిన అవసరం లేదు. కుటుంబ అనే డేటాబేస్‌లో రాష్ట్రంలోని కుటుంబాల వివరాలను ఒకచోట చేర్చడంలోనూ ఉద్దేశం ఇదే, ఒకసారి చెప్పిన సంగతిని ప్రతి ఆఫీసులో మళ్లీ మళ్లీ చెప్పించకుండా ఉండటం. నా దృష్టిలో ఐటీ నుంచి మనం కోరాల్సింది అచ్చంగా ఇలాంటిదే. అడగడం తెలియనివాళ్లను, అడగడానికి మొహమాటపడేవాళ్లను వెతికి పట్టుకోవడం. ఇందులో మిషన్ పొరబడితే నష్టమేముంటుంది? అర్హత లేని ఒకరిద్దరికి కొన్ని నెలలు 1,200 పోతుంది. తర్వాత సరిచేసుకోవచ్చు.

అదే డేటాను తీసేయడానికి వాడినప్పుడు కథ మారిపోతుంది. తెలంగాణలో రద్దయిన రేషన్ కార్డుల సంగతి మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంటికి వెళ్లి విచారించకుండా కంప్యూటర్ పరిశీలన మీదే కార్డులు తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. వాహనాల రిజిస్టర్, ఆస్తి పన్ను, కరెంటు బిల్లు, ఇట్లా వేర్వేరు పద్దుల్లోని పేర్లను కలిపి 'వీరు ఒకరే' అని తేల్చే సాఫ్ట్‌వేర్‌కు మన పేర్లు పెద్ద పరీక్ష. ఒక పద్దులో ఇంటిపేరు ముందు, ఇంకో పద్దులో వెనక. ఒకచోట వెంకటలక్ష్మమ్మ, ఇంకోచోట లక్ష్మమ్మ. బెంగళూరులో స్థిరపడినవాళ్లకైతే ఊళ్లో తెలుగు నుంచి, ఇక్కడ కన్నడ నుంచి ఇంగ్లిషులోకి ఎక్కిన స్పెల్లింగులు రెండు. ఎవరో లక్ష్మమ్మకు కారు ఉంటే ఈ లక్ష్మమ్మకు బియ్యం ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇది మన దగ్గరే జరిగేది కాదు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని పేరుపడ్డ పథకం నడిచింది. సాయం పొందినవాళ్ల ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, 'నీకు ఆ పక్షంలో ఇంత ఆదాయం ఉంది, అయినా సాయం తీసుకున్నావు, తిరిగి కట్టు' అని కంప్యూటర్ నోటీసులు పంపింది. ఆరు నెలలు పని దొరికి, ఆరు నెలలు దొరకని మనిషికి ఆ లెక్క ఎట్లా సరిపోతుంది? 4 లక్షలకు పైగా మనుషుల మీద ఈ అప్పు పడింది. 2019లో ఆ పద్ధతి చట్టానికి నిలవదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. 2023లో రాయల్ కమిషన్ నివేదిక వచ్చేలోపు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం విషయంలో వేలాది కుటుంబాల మీద మోసం ముద్ర వేసిన వ్యవహారానికి 2021 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చేసింది.

ఇవన్నీ చూశాక నేను గట్టిగా నమ్మేది ఒకటే. 'ఇవ్వు' అనే అధికారం కంప్యూటర్‌కు ధైర్యంగా ఇవ్వొచ్చు. 'ఆపు' అనే అధికారం ఇవ్వకూడదు. అది అనుమానం చెప్పాలి, అంతే. ఆ అనుమానం పట్టుకొని ఒక మనిషి ఇంటికి వెళ్లాలి, చూడాలి, ఆపాల్సి వస్తే తన పేరు రాసి సంతకం పెట్టాలి. అప్పటిదాకా డబ్బు పోతూనే ఉండాలి. దొంగ పింఛన్లు ఉంటాయి, నిజమే. కానీ ప్రభుత్వం ఒక దొంగ పింఛను నెల ఆలస్యంగా ఆపితే పోయేది కొంత డబ్బు. ఒక నిజమైన పింఛను నెల ఆగితే బీపీ మాత్రలు ఆగిపోతాయి. ఆధార్ మీద 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు కూడా వేలిముద్ర సరిపోలేదన్న కారణంతో అర్హులను వెనక్కి పంపకూడదన్న వైపే నిలబడింది. కౌంటర్ దగ్గర 'సర్వర్ డౌన్, రేపు రండి' అనడం కూడా వెనక్కి పంపడమే. రోజు కూలి వదులుకొని వచ్చినవాళ్లకు ఆ రేపు ఊరికే రాదు.

యాప్ ఎవరి కోసం

సేవ అందించే మనిషి చేతిలోని ఫోన్ గురించి కూడా మాట్లాడుకోవాలి. అంగన్‌వాడీ టీచర్లు 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువు, ఎత్తు, హాజరు నింపుతున్నారు. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు కూడా తప్పనిసరైంది. బరువు తగ్గుతున్న బిడ్డను నెల ముందే పట్టుకోగలిగితే ఆ యాప్ బంగారం. కానీ నింపిన టీచర్‌కు అది తిరిగి ఏం చెబుతోంది? ఫొటో సరిగ్గా పడలేదని నాలుగుసార్లు తీయాల్సి వస్తే ఆ సమయం పిల్లల సమయంలోంచే పోతుంది. 2025 జనవరిలో బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో ఆశా కార్యకర్తలు రాత్రింబవళ్లు ధర్నాకు కూర్చున్నప్పుడు ఇలాంటి ఇబ్బందే ఇంకొకటి లేవనెత్తారు. చేసిన పనికి ఇచ్చే ప్రోత్సాహకాన్ని పోర్టల్‌కు ముడిపెట్టడంతో, పోర్టల్‌లో కనబడని పనికి డబ్బు రావడం లేదన్నారు. కాన్పు చేయించింది నిజం, బిడ్డ నిజం, ఎంట్రీ మాత్రం లేదు.

దీనికి పూర్తిగా వేరే పద్ధతి నెదర్లాండ్స్‌లోనే ఉంది. 2006లో జోస్ ద బ్లాక్ అనే నర్సు బూర్ట్‌జోర్హ్ అనే సంస్థ పెట్టారు. 12 మందికి మించని నర్సుల జట్లు, ఒక్కో జట్టుకు కొన్ని వీధులు. ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను, రోగులను చూసుకుంటారు. పై అధికారులు దాదాపు లేరు. వాళ్ల సాఫ్ట్‌వేర్ నర్సులకు ఏం కావాలో అడిగి చేసింది. నిన్న సాయంత్రం ఎవరు వెళ్లారు, ఏం గమనించారు, ఇలాంటి పుండు ఇంకో ఊళ్లో ఎవరైనా మాన్పారా, ఇదీ అందులో ఉండేది. మన యాప్‌లు చాలావరకు పైకి లెక్కలు పంపడానికి పుట్టినవి. పక్క మనిషికి సంగతి చేరవేయడానికి పుట్టిన యాప్ ఒక్కటి ఉన్నా ఆశా, అంగన్‌వాడీ, పింఛను గుమాస్తా ఒకే ఇంటికి వేర్వేరుగా వెళ్లి అవే ప్రశ్నలు అడగక్కర్లేదు.

ఇంట్లో పడిపోతే అలారం మోగించే పరికరాలు, వాచీలు బెంగళూరు అపార్టుమెంట్లలో బాగానే అమ్ముడవుతున్నాయి. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులకు అవి కొంత ధైర్యం, కాదనను. అయితే ఇంగ్లండ్‌లో 2008లో మొదలుపెట్టి మూడు ప్రాంతాల్లో, 2,600 మందితో ఇలాంటి పరికరాలను పరీక్షించారు. ఇంట్లో పెట్టిన సెన్సర్లు, అలారాల వల్ల ఆస్పత్రి, సంరక్షణ సేవల వాడకం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని తేలింది. అలారం మోగాక వెళ్లేదెవరు అన్నది పరికరం చేతిలో లేదు.

అందుకే నాకు మామూలు ఫోన్ లైన్ల మీదే గురి ఎక్కువ. నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు, నగర పోలీసులు కలిసి 2002లో మొదలుపెట్టిన పెద్దల హెల్ప్‌లైన్ 1090లో సాంకేతికత అంటే ఒక టెలిఫోనే. కానీ దాని వెనక కౌన్సెలర్ ఉన్నారు, అవసరమైతే ఇంటికి వచ్చే పోలీసు ఉన్నారు. ఆస్తి రాయించుకొని అన్నం పెట్టని కొడుకుతో మాట్లాడటం ఏ చాట్‌బాట్‌కూ చేతకాదు. కేంద్రం నడిపే ఎల్డర్ లైన్ 14567 ఉంది. మనసు బాగాలేనప్పుడు 14416కు చేస్తే టెలి మానస్ పలుకుతుంది. 2022 అక్టోబరులో మొదలైన దీనికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ, మన నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం, ఐఐఐటీ బెంగళూరు సాంకేతిక సాయం. 20 భాషల్లో మాట్లాడతారు, తెలుగు కూడా ఉంది. కన్నడ రాక, ఆస్పత్రిలో ఏం చెప్పుకోవాలో తెలియక కుమిలిపోయే మనవాళ్లకు ఈ నంబరు తప్పక చెప్పండి.

ఇన్ని పద్దులు ఒకచోట చేరుతున్నప్పుడు గోప్యత మాటేమిటని అడగడం సబబే. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం, ప్రభుత్వం సాయం అందించడానికి డేటా వాడుకునే సందర్భంలో అంగీకారం తీసుకోవాల్సిన పనిలేకుండా మినహాయింపు ఇచ్చింది. అంటే ఇవ్వడానికి తీసుకున్న వివరాలు ఇంకెక్కడ వాడుతున్నారో అడిగే బాధ్యత మన మీదే, పత్రికల మీదే, శాసనసభ్యుల మీదే పడింది. ఎవరికి ఏ జబ్బు, ఎవరు వికలాంగులు, ఏ ఇంట్లో ముసలామె ఒంటరిగా ఉంటోంది, ఇవి తప్పుడు చేతుల్లో పడితే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

కర్ణాటకలో ఉన్నవాళ్ల చేతిలో ఒక మంచి పనిముట్టు ఉంది, మనవాళ్లు దాన్ని తక్కువగా వాడుతున్నారు. సకాల చట్టం 2011లో వచ్చింది. ఆ పరిధిలోని సేవకు అర్జీ పెడితే జీఎస్‌సీ నంబరుతో రసీదు ఇవ్వాలి, ఇన్ని రోజుల్లో తేలుస్తామన్న గడువు దాని మీదే ఉంటుంది. ఆలస్యం చేస్తే రోజుకు 20 రూపాయల చొప్పున, 500 మించకుండా పరిహారం అడగొచ్చు. డబ్బు చిన్నదే, కానీ గడియారం అర్జీదారు మీద కాకుండా ఆఫీసు మీద పెట్టిన అరుదైన ఐటీ వ్యవస్థ ఇది. రసీదు ఇవ్వకుండా కాగితాలు తీసుకుంటామంటే ఒప్పుకోకండి. అర్జీ తిరస్కరిస్తే 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. ఇందులో ఒక లోపం ఉంది. గడువులోపల తిరస్కరించినా లెక్కలో అది 'తేలిన' అర్జీయే. మంజూరైనవి ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, ఏ కారణంతో, ఎవరి సంతకంతో అన్నది ఆఫీసువారీగా విడదీసి సకాల తెర మీద అందరికీ కనబడేలా పెట్టాలి. ఈ మార్పుకు కొత్త యాప్ కూడా అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.